రెండు సున్నలు

బుధవారం వస్తే
తులియారా బడి పెరట్లో, ఇసుకలో,
మీటరు కర్ర పాతుతాం.
నీడ కొసన గవ్వ పెడతాం.
కొలిచేది వుఆహిరానా వాళ్ళమ్మ బట్టలు కుట్టే టేపుతో.
మొదటి మూడు సెంటీమీటర్లు ఎప్పుడో చిరిగిపోయాయి,
ఎంత వచ్చినా మూడు తీసెయ్యాలి.
నా క్లాసుకి తీసివేత నేర్పింది నేను కాదు, ఆ టేపు.

మాకు మిట్టమధ్యాహ్నమైన ముప్పావు గంటకి
పైన, మ్యాపులో మెడ ఎత్తి చూడాల్సినంత పైన,
నార్వే చివర వార్డో అనే ద్వీపంలో
ఇంకో బడి ఇంకో కర్ర నిలబెడుతుంది.
నేల గడ్డకట్టి కర్ర దిగదట,
బకెట్లో రాళ్ళు పోసి గుచ్చుతారు.
ఆ తర్వాత తెర మీద కలుసుకుంటాం,
కరెంటు ఉంటే,
నా ఫోనులో డబ్బులుంటే.
మాకొచ్చిన ఇంగ్లీషు చారెడు, వాళ్ళకొచ్చిన ఫ్రెంచి చిటికెడు,
మిగతాదంతా చేతివేళ్ళు.

అక్టోబరులో మా నీడ జానెడు పైన.
వాళ్ళది ఐదు మీటర్లు.
"అంత పొడుగేంటి, ఏం తింటుంది?" అన్నాడు త్సిమిహులే.
"చేపలు," అంది సున్నివా, మొహం కదపకుండా.
నవంబరులో మాది బెత్తెడికి దిగింది.
వాళ్ళది పద్దెనిమిది దాటింది,
టేపు పట్టుకుని పిల్లలు కెమెరాలోంచి
బయటికి పరుగెత్తి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

డిసెంబరు మూడో బుధవారం
గవ్వ పెట్టడానికి చోటు లేదు.
కర్ర తన నీడ మీద తనే నిలబడింది.
వుఆహిరానా టేపు చుట్టేసి
పట్టికలో రాసింది: సున్న.

ముప్పావు గంటకి తెర వెలిగింది.
అవతల ఆకాశం
నీలిమందు కలిపిన నీళ్ళలా ఉంది.
నెల రోజులుగా సూర్యుడు పైకి రాలేదు.
సున్నివా చేతి తొడుగు పళ్ళతో లాగి రాసింది: సున్న.

కంప్యూటరు గ్రాఫులో
ఎన్నాళ్ళుగానో దూరం జరుగుతున్న రెండు గీతలు
ఒక్కసారిగా వచ్చి ఒకే చుక్కలో పడ్డాయి.
కలిశామని చప్పట్లు కొట్టారు మా పిల్లలు.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.
సూర్యుడే లేనప్పుడు నీడ సున్న కాదు,
మీ గడి ఖాళీగా వదలండి, అన్నాను.
వాళ్ళ టీచరు టూర్‌బ్యోర్గ్ తలూపింది.

సున్నివా ఊపలేదు.
"ఖాళీ అంటే మేం బయటికి వెళ్ళలేదని.
మేం వెళ్ళాం.
పావుగంట నిలబడ్డాం, ఎనిమిది మందిమి.
ఎయిలిఫ్ కనురెప్పలకి మంచు పట్టింది.
కర్ర ఉంది. చూశాం. నీడ లేదు."

పన్నెండేళ్ళుగా సున్న గురించి పాఠం చెబుతున్నదాన్ని,
సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాను.

వెనక బెంచీ నుంచి త్సిమిహులే,
లెక్కల్లో ఎప్పుడూ నోరు విప్పనివాడు,
"మన సున్నకి సూర్యుడు నెత్తి మీద టీచర్,
వాళ్ళ సున్నకి కాళ్ళ కింద.
నీడనడిగితే ఏం తెలుస్తుంది?"

పట్టికలో కొత్త గడి గీశాం.
సూర్యుడెక్కడ?
మేం: పైన.
వాళ్ళేం రాస్తున్నారో చూసేలోపే కరెంటు పోయింది.

జనవరిలో సూర్యుడు తిరిగొచ్చిన రోజు
వాళ్ళ కోటలో పిరంగి పేలుస్తారట, బడికి సెలవట.
సెలవైనా బకెట్ మోసుకెళ్ళిందా పిల్ల.
మా నీడ అప్పటికి మూడు వేళ్ళు పెరిగింది.
సాయంత్రం అరగంట డేటా కొని
పట్టిక తెరిచాను, నా చుట్టూ ముప్పై తలకాయలు.

నీడ: కొలవలేదు. టేపు అయిపోయింది.
పడవల మీంచి సముద్రంలోకి వెళ్ళింది.
సూర్యుడెక్కడ: ఇక్కడ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
వుఆహిరానా నా మోచెయ్యి లాగింది:
"టీచర్,
ఇందులోంచి కూడా
మూడు తీసెయ్యాలా?"