పవర్గం

గురువులికి ముందుపళ్ళు రెండూ పీకీసారు పెద్దాసుపత్రిలో.
"మూణ్ణెల్లు ఊదకూడదంట, నానేటి సేసీది బావా"
నోట్లో దూదితో అన్నాడు, సగమే వినపడింది.
గంటస్తంభం వెనక సందులో మా బేండు కొట్టు.
అతని యుఫోనియం బెంచీ కింద
పాతచీరలోంచి మూతి బయటపెట్టి ఉంది.
శుక్రవారం నెల్లిమర్లలో పెళ్ళి.
అడ్వాన్సు తీసుకున్నాం. ఖర్చు కూడా పెట్టీసాం.

నాది ట్రంపెట్టు, ముప్పై ఏళ్ళు,
ముందు వరస, ఎడంపక్క.
"నువ్వే ఊదీ బావా, అవే మూడు మీటలు కదా."
అవే. వేళ్ళకి తెలుసు.
పెదాలకి తెలీదు.
రెండ్రూపాయల బిళ్ళంత చోట కాపరమున్న పెదాలు
ఉగ్గుగిన్నెంత దాంట్లో పడి
గోడలు దొరక్క తడుముకున్నాయి.
మొదటి స్వరం గేదె తుమ్మినట్టొచ్చింది.
తవుడు డోలు వెనక్కి పోయి నవ్వుకున్నాడు.

అప్పలసూరి మేస్త్రికి ఐదక్షరాలే వచ్చు.
ప ఫ బ భ మ.
"మూతితో బతికీవోడికి ఇవి సాలు, మిగతాయి పంతుళ్ళకి.
ముందు మ అను. మూసి, అక్కడే ఉండు.
సిన్నబాకాకి అక్కణ్ణుంచి ప,
సూదిబెజ్జంలోకి దారం ఊదినట్టు.
పెద్దదానికి భ.
సంటిదాని కంట్లో నలకపడితే ఊదుతావే, అలగ.
మూలలు మాత్తరం వొదలకు.
రాటలు కదిలితే పాక పడిపోతాది."

మూడ్రోజులు మ అనుకుంటూ తిరిగాను.
కూరల బజార్లో మ. నూతి దగ్గర భ.
"ఏటైనాది నీకు, ఈనబోయే ఆవులాగ" అంది పైడమ్మ.
నడుమ వదలాలి, అంచులు బిగించాలి.
గాలిలో తొందర తగ్గాలి, వేడి పెరగాలి,
చలిరోజు బస్సద్దం మీద పేరు రాయబోయే ముందు ఊదే ఊపిరి.
మూడోనాటి సాయంత్రం
కింది స
గచ్చుమీద నీళ్ళలా పరుచుకుంది.
బెంచీమీది టీగ్లాసులో వలయాలు లేచాయి.
తవుడు నవ్వలేదు.

శుక్రవారం వెనక వరసలో నడిచాను.
నా చోట, నా ట్రంపెట్టుతో, ఇరవయ్యేళ్ళ అసిరి.
ప గట్టిగానే అంటున్నాడు, మరీ గట్టిగా.
చెవికింద నరం తాడులా లేచింది.
గురువులు ఇన్నేళ్ళూ చూసింది నా నరమా?
ముందున్నప్పుడు పాట వినపడేది నాకు.
వెనకనుంచి
చెప్పుల చప్పుడు, జనరేటరు, దీపాలు మోసే ఆడోళ్ళ దగ్గు,
వీటన్నిటి కింద నేను.

పన్నెండున్నరకి, విడిదింటి మలుపులో,
అసిరి పెదవి చిట్లింది.
"అందుకో బావా."
పెళ్ళివారు నోట్లు ఊపుతున్నారు.
అందుకున్నాను.
సొంతింటి గుమ్మానికి నెత్తి కొట్టుకున్నట్టు
ముప్పై ఏళ్ళ చోటు ఇరుకైపోయింది.
ప అన్నాను, భ వచ్చింది.
ఎవడో ఈలేశాడు.

పెదాలు గుర్రంలా విదిలించాను, రెండుసార్లు.
తడి చేసుకున్నాను. మ.
నాలుగడుగులు డోలుమీదే నడవనిచ్చాను ఊరేగింపుని.
ఐదో అడుగుకి ఎత్తుకున్నాను.
పై స దాకా పోలేదు, ని దగ్గరే వంచీసాను.
పెళ్ళికొడుక్కి తెలీదు.
గురువులుంటే తెలిసిపోను.

తెల్లారగట్ల ఇంటి తలుపు దగ్గర నిలబడి పిలిచాను.
మొదటి అక్షరం లేదు.
"ఐడమ్మా" అని వచ్చింది.
గొళ్ళెం తీసి, లైటేసి, నా మూతివేపు చూసింది.
రెండు వలయాలు, ఒకదాన్లో ఒకటి.
"ఎప్పుడూ ఒకటే గదా ఉండీది" అంది,
ఉప్పునీళ్ళు కాయడానికి లోపలికెళ్తూ.