అంటు

ఏడో తరగతిలో గజపతి మాస్టారు
నన్ను ఇంగ్లీషులో తిట్టారనుకున్నాను.

"దీని నవ్వు ఇన్ఫెక్షియస్ అండి, సువార్తమ్మ గారూ.
ఇది మొదలెట్టిందంటే క్లాసు క్లాసంతా పడిపోద్ది"
అన్నారు, ప్రోగ్రెస్ కార్డు మీద
అమ్మచేత వేలిముద్ర వేయిస్తూ.

అమ్మకి ఇంగ్లీషులో నాలుగే మాటలొచ్చు.
బస్సు, టేపు, లోడు,
నాలుగోది ఇదే.
కాకినాడ పెద్దాసుపత్రిలో
మా మావయ్య పోయిన వార్డు గుమ్మం మీద
ఎర్రరంగుతో రాసున్న మాట.
నర్సమ్మ చదివి చెప్పింది:
"లోపలికెళ్ళకమ్మా, అంటుద్ది."

కడియపులంక దాకా కాలవ గట్టంట నడిచాం.
నాలుగడుగులకోసారి ఆగి
నా నుదుటి మీద చెయ్యేసి చూసింది.
నాకు నవ్వొచ్చింది.
కొంగుతో నోరు మూసేసింది.

మూడ్రోజులు బడి లేదు.
నెత్తిన పాస్టరు గారి నూనె,
చాప కింద వేపమండలు,
నా కంచం వేరు, నా గ్లాసు వేరు.
తమ్ముడు తలుపు సందులోంచి
కోతిమొకం పెట్టేవోడు.
నేను నవ్వేదాన్ని.
వాడూ నవ్వేవోడు.
"అయ్యో, ఆడికీ అంటేసిందే" అని
అమ్మ ఏడ్చేది.

అమ్మ చేసే పనే అంటు కట్టడం.
చిట్టబ్బాయి గారి నర్సరీలో
టెంకమొక్క మెడకి ఓ చెక్కు,
కొత్తపల్లి కొబ్బరి కొమ్మకి ఓ చెక్కు,
రెండు పచ్చిగాయాల్ని
ఎదురెదురుగా ఆనించి
టేపు చుట్టేది, ఊపిరి బిగబట్టి.
"గాయం గాయాన్ని అంటుకోవాల,
మజ్జిన గాలి దూరకూడదు" అనేది.
నెల తిరిగాక
ఏది పట్టిందో ఏది చచ్చిందో
ముట్టుకోకుండానే చెప్పేది.

ఆ చేత్తోనే సాయంత్రం
షెడ్డు వెనక పెరటిగోడ మీద
బోర్లించిన గ్లాసు తీసుకుని
టీ తాగి, కడిగి,
మళ్ళీ అక్కడే బోర్లించేది.
ఆ గ్లాసు ఇంట్లోకి వెళ్ళదు.
ఆ పెరట్లోనే
మా అమ్మమ్మ కట్టిన అంటుమామిడి.
దాని పళ్ళు ఇంట్లోకి వెళ్తాయి,
దేవుడి గదిలోకీ వెళ్తాయి.
ఏ అంటు ఏ గుమ్మం దాటాలో
మీ డిక్షనరీలో ఉందా, మాస్టారూ?

నాలుగోరోజు ఆయనే వచ్చారు, సైకిలు మీద.
సంగతి విని నవ్వబోయి
అమ్మ మొకం చూసి ఆగిపోయారు.
"మంచి మాటేనమ్మా.
నవ్వు కూడా అంటుద్ది, అంతే."
అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు.
"మరదే మాట
ఆ గుమ్మం మీదెందుకు రాశారండీ?"

మాస్టారు మంచినీళ్ళడిగారు.
అమ్మ నా గ్లాసుతోనే తెచ్చిచ్చింది.
మిగతావన్నీ
గాబు దగ్గర అంట్లలో ఉన్నాయి.
ఆయన తాగుతుంటే
గుటక గుటకనీ లెక్కపెడుతున్నట్టు చూసింది.

ఇరవై రెండేళ్ళయింది.
మొన్న వానల్లో చిట్టబ్బాయి గారి మనవడు
అమ్మ అంటు కడుతుంటే వీడియో తీసి పెట్టాడు.
ఫోన్ చేసింది:
"వైరలైపోయానంట.
మన ఆరెంపీ గారు చెప్పే జొరవే కదే?"

"కాదమ్మా. అందరికీ చేరింది అని.
తొమ్మిది లక్షల మంది చూశారు."

"నా మొకవా?"

"చేతులే."

అవతల
నీళ్ళ మోటారు చప్పుడు కాసేపు.
తర్వాత, గొంతు తగ్గించి:
"గోడ మీద గ్లాసు పడలేదు గదా అందులో?"

లేదమ్మా అన్నాను.
పెట్టేశాక మళ్ళీ వేసి చూశాను.
పద్నాలుగో సెకనులో,
ఆకుల వెనక, ఓ మూలకి,
ఉంది.
బోర్లించే ఉంది.