నలభై అయిదు నిమిషాలు

పెండ్లిపత్రికలకు వెనకవైపు తెల్లగా ఉంటుందని
ఇంటి ఓనరమ్మ పొన్నమ్మ ఒక కట్ట ఇచ్చింది.
ఆపిల్ వేసినాను, బాల్ వేసినాను.
పిల్లిని వేస్తే ఉడత వచ్చింది.
పోనీ ఉడతే అనుకుందామంటే
ఉడతను ఇంగ్లీషులో ఏమంటారో
ఒక్క క్షణం నేనే తడుముకున్నాను.

రేపు సోమవారం.
ఆరో తరగతి, బి సెక్షను, మూడో పీరియడు.
చిత్తూరులో ఆర్డరు కాగితం చేతికిస్తా
నగరి అని చదివిన గుమాస్తా
"అరవం వచ్చునామ్మా?" అన్నాడు.
ఇంగ్లీషు వచ్చునా అని మాత్రం ఎవరూ అడగలేదు.

హెడ్మాస్టరు మంచాయనే. టీ కూడా ఇప్పించినాడు.
"ముందు ఏబీసీడీలు ఒక కొలిక్కి తెండి మేడం,
తక్కినవి దసరా అయినాక చూస్తాం."
యాభై ఆరు మోసిన పిల్లోళ్ళకు
ఇరవై ఆరు దించుకునేదానికి దసరా దాకానా?
పైకి అనలేదు. టీ తాగినాను.

నోటుబుక్కులో అడ్డగీతలు కొట్టి రాసుకున్నాను:
గుడ్ మార్నింగ్, అయిదు నిమిషాలు.
పేర్లు, పదిహేను.
గోడవతల ఎనిమిది మరమగ్గాలు
ఒకదాని మాట ఒకటి వినకుండా అరుస్తా ఉన్నాయి.
ఈ మోతలో ఉయ్యాలూగిన పిల్లలకు
నా గొంతు ఏ మూలకు ఆనుతుంది?

పేర్ల దగ్గర పెన్ను ఆగింది.
మై నేమ్ ఈజ్.
ఆ ఈజ్‌ను ఏమని చెప్పేది?
నా పేరు గుణవతి. అంతే.
పేరుకూ గుణవతికీ నడుమ
చీమ దూరే సందు లేదు మన మాటలో.
ఎన్ పేర్ తనికాచలం. అరవంలోనూ అంతే.
అడగని చోట తెచ్చి వేసిన ముక్కాలిపీట ఆ ఈజ్,
దాటబోయి బోర్లా పడినదాన్ని నేను.

ఏడో తరగతిలో లేచి నిలబడి
మై నేమ్ హేమలత అన్నాను.
"ఈజ్‌ను ఇడ్లీలో నంచుకున్నావా?" అన్నాడు సారు.
నలభై మంది నవ్వినారు, నేనూ నవ్వినాను.
ఆ భయానికి డిగ్రీ దాకా
కావాల్సిన చోటా, అక్కర్లేని చోటా
ఈజ్ చల్లుకుంటానే పోయినాను, ఉప్పు మాదిరి.

కరెంటు పోయింది.
ఎనిమిది మగ్గాలూ ఒక్కసారి నోరు మూసుకుంటే
చెవుల్లో ఏదో ఊడి పడినట్టుంది.
బయట వరండాలో
సెల్లుఫోను వెలుతురు గోడకు ఆనించి
పొన్నమ్మ పడుగు అతుకుతా ఉంది.
అయిపోయిన పడుగు చివర్న కొత్త పడుగు,
పోగుకు పోగు, బూడిద అద్దిన వేళ్ళతో ఒక మెలి.
ఎన్నుంటాయక్కా?
"మూడువేల చిల్లర."
గుడ్డలో అతుకు కనపడదా?
"కనపడితే కూలి కోస్తారు గదమ్మా."
ఆమె చేతుల్ని చూస్తా ఎంతసేపు కూచున్నానో,
దోమలు చెప్పినాక లేచినాను.

కొవ్వొత్తి పెట్టుకొని హాజరుపట్టీ తెరిచినాను.
ఇంకా మొహాలు రాని పేర్లు.
పన్నెండో నంబరు, రుక్సానా.
ఆ పిల్ల ఇంట్లో మాట ఎట్లుంటుంది?
మేరా నామ్ రుక్సానా హై.
హై!
చివర్న ఉంది, మనకు లేనిది, వాళ్ళింట్లో ఉంది!
ముప్పై ఎనిమిది మందిలో
నేను చెప్పక ముందే ఈజ్ తెలిసిన పిల్ల,
బహుశా చివరి బెంచీలో,
నోరు తెరవకుండా కూచునే పిల్ల.

ఏబీసీడీలు కొట్టేసినాను.
ఉడతను మాత్రం ఉంచినాను, పాపం.
పేర్లు, ముప్పై నిమిషాలు.
పొన్నమ్మనడిగి తెగిన పోగులు గుప్పెడు తీసుకుపోవాల.
ఒక కొస పిల్ల చేతిలో, ఒక కొస పేరు రాసిన అట్ట మీద.
అతికేటప్పుడు ఈజ్ అనాల.
మొదట రుక్సానాను పిలుస్తాను.
లేదు, మొదటే పిలిస్తే బెదురుతుందేమో.
మూడోదిగా పిలుస్తాను.
ఆఖరి పది నిమిషాలకు ఏమీ తోచలేదు,
ఖాళీగా వదిలేసినాను.

కరెంటు వచ్చింది. మగ్గాలు మళ్ళీ ఎత్తుకున్నాయి.
తలుపు వేసి, అద్దం ముందర నిలబడి
వాటి మీదికి గొంతు లేపి అరిచినాను:
గుడ్ మార్నింగ్, చిల్డ్రన్!
గోడవతల ఒక మగ్గం ఆగింది.
"ఏం మేడం, పిలిచినారా?"