కాళ్ల లెక్క

జీడిమెట్లలో మా ఫ్యాక్టరీకి
మాత్రలు నొక్కే యంత్రం బిగించడానికి
ఆరు వారాల కోసం వచ్చింది యూలాన్.
గోల్కొండ వద్దంది. చార్మినార్ దాకా వచ్చి గాజులు కొనుక్కుంది, పైకి ఎక్కలేదు.
"మీ ఊళ్లో పాత వంతెన ఉందా?"
ఆమె బదులు ఫోను అడిగింది,
వార్తలు చదివే గొంతుతో.

వాళ్లది కాలవల ఊరట.
వీధి ఉండాల్సిన చోట నీళ్లు,
వాకిలి ఉండాల్సిన చోట మెట్లు.
ఫొటో చూపించింది:
ఒంటి కమాను రాతి వంతెన, సగం సున్నా.
తక్కిన సగం కింద నీళ్లలో.
రెండూ కలిసి నిండు జాబిలి,
దాని నడుమ నుంచి తెడ్డు వేసుకుంటూ ఎవరో ముసలాయన.
పడవలు లాగిన తాళ్లు రాతిని కోసి
వేలు పట్టేంత గాడులు చేశాయట.
ఇప్పుడు టికెట్టు పెట్టారు.
ఊరివాళ్లకు ఉచితం, కార్డు చూపిస్తే.
ఆ చివరి మాట ఫోను రెండుసార్లు చెప్పింది.

ఆదివారం పొద్దున పురానాపూల్.
"ఏదీ?" అంది.
"దాని మీదే ఉన్నాం" అన్నాను.
కొత్తిమీర కట్టలు, తడి గోనెలు,
టమాటాల మీద టార్పాలిన్ నీలం నీడ,
నిమ్మకాయలు దొర్లకుండా కాలు అడ్డం పెట్టిన ఖదీర్ భాయ్.
వంతెన ఎక్కడా లేదు.
నాలుగు వందల ఏళ్ల రాయి మీద
నిన్నటి క్యాబేజీ ఆకు.

నేను ఆకుకూర కొనేది అంతమ్మ దగ్గర.
ఈ అమ్మాయి చైనా నుంచి పుల్ చూడటానికొచ్చిందంటే
తూకం రాయి చేతిలోనే ఉంచుకుని నవ్వింది.
"చూడనీకి ఏమున్నది?
నలభై ఏండ్ల సంది దీని మీదనే కూసుంటున్న.
ఎండకు కాలుతది, వానకు జారుతది. గంతే."
కింది నుంచి ఎప్పుడైనా చూశావా అన్నాను.
జవాబు చెప్పలేదు.
గంప మీద గోనె కప్పి
"జర దేఖో భాయ్" అని చెప్పులేసుకుంది.

గట్టు దిగాం. తుమ్మ పొదలు, పగిలిన కమోడ్,
మమ్మల్ని లెక్కచెయ్యని ఒక గేదె.
ముందు మూసీ వాసన వచ్చింది, తర్వాత మూసీ.
యూలాన్ ముక్కు మూసుకోలేదు.
మర్యాదో, మందుల ఫ్యాక్టరీల అలవాటో.

తల ఎత్తితే అక్కడుంది.
కమాను పక్కన కమాను,
నల్లటి నీళ్లలో మోకాళ్ల దాకా దిగి,
కూరగాయల సంతను నెత్తిన పెట్టుకుని.
అంతమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది.
"అవ్వో! దీనికి గిన్ని కాళ్లున్నయా?"

ముగ్గురం లెక్కపెట్టాం.
నాకు ఇరవై రెండు. యూలాన్‌కి ఇరవై మూడు.
అంతమ్మ వేళ్ల గణుపుల మీద మొదలుపెట్టి
తొమ్మిదో దాని దగ్గర ఆగిపోయింది.
"గిదే. గదో పైన, నా నీలం టార్పాలిన్."
తర్వాతివి ఆమె లెక్కపెట్టలేదు.

నురగ మీద నీడ పడదు.
తక్కిన సగం కోసం యూలాన్ చాలాసేపు వెతికింది.
ఒడ్డు కమాను కింద, రాత్రి వాన నిలిచిన చోట
ఒక్కటి దొరికింది తలకిందులుగా.
మా కమానులకు పైన మొన ఉంటుంది కదా,
జాబిలి కాలేదు.
"కన్ను" అంది ఫోను.
అంతమ్మ వంగి చూసి ఒప్పుకోలేదు.
"మామిడి టెంక."

తాళ్ల గాడుల కోసం రాళ్లు తడిమింది యూలాన్.
ఇక్కడ పడవలు లేవని చెప్పాను,
ఎందుకో క్షమాపణ చెప్తున్నట్టు.

మళ్లీ పైకొచ్చాక అంతమ్మ
గోనె తియ్యకుండానే ఆమె మణికట్టు పట్టుకుని
పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లింది.
తన వెనకే, వీపు ఆనే చోట,
రాతిలో జానెడు పల్లం, నున్నగా.
"మా అత్త కత్తి నూరింది ఈడనే. అత్తకు అత్త గూడ.
ఇగ నేను."

ఫోను ఆ మాట పట్టుకోలేకపోయింది.
సంతలో గోల ఎక్కువగా ఉందంది.
యూలాన్ దాన్ని జేబులో పెట్టేసి
పల్లంలో వేలు ఉంచింది.