సున్నా కూడా రాయాలి

మీనంబాక్కంలో ఇంకా చీకటి.
ఆరు సీట్ల విమానం దగ్గుతూ లేస్తుంది.
ఎడమ కిటికీ నాది, కుడిది ఆరోగ్యమేరీది.
ముందు కురువిళ్ళ, వేరుశనగలు నములుతూ,
ఐదువందల అడుగుల ఎత్తున
దండెం మీద పంచె ఆరేసినంత తిన్నగా
రెక్కల్ని పరుస్తాడు.

మేం వెతికేది సముద్రపు ఆవుని.
అడుగున గడ్డి మేసి
ఊపిరి కోసం పైకొచ్చి
ముక్కు మాత్రం చూపించి దిగిపోయే సిగ్గరిని.

నా కాగితంలో మూడు గడులు:
నిశ్చయం, బహుశా, అనుమానం.
ఏదీ కాకపోతే చివర సున్నా.
ఎన్నూరు నుంచి కోవళం దాకా
ఐదేళ్ళుగా, ఏ రుతువులోనైనా
నేను రాసింది ఆ చివరిదే.

"ఏటీ లేదని తెలిసీ ఎందుకమ్మా ఎగరడం?
ఆయిలు దండగ" అంటాడు కాసిమేడు నూకయ్య.
లేదని చెప్పడానికైనా చూసి రావాలి కదా, అంటాను.
వల కుట్టే సూది ఆపుతాడు.
"మా అయ్య కాలంలో ఎన్నూరు మొగ కాడ
రాత్రేళ పడవ పక్కనే
ఎవరో నిట్టూర్చీవోరంట.
లాంతరెత్తితే నీళ్ళు తప్ప ఏటీ లేదంట.
మరది నీ కాయితంలో ఏ గడి?"

అనుమానం, అన్నాను.
ఆయనకి నచ్చలేదు.

మాఘంలో నీళ్ళు తేటపడతాయి,
అడుగున ఇసుక ముడతలు సైతం లెక్కపెట్టొచ్చు.
వైశాఖంలో అల మీది ఎండ కంట్లో గుచ్చుకుంటుంది.
కార్తీకం వానలకి కూవం, అడయారు
ఊరి కడుపులోదంతా కక్కి
తీరాన్ని టీ రంగు చేస్తాయి.
అప్పుడు విమానం షెడ్డులో,
నేను తరమణి ఆఫీసులో,
దక్షిణాది ఫోటోల మీద భూతద్దంతో.

అక్కడ, పాక్ జలసంధిలో, ఉన్నాయి.
గడ్డి పలచబడితే తరలిపోతాయి,
చిగురిస్తే తిరిగొస్తాయి.
నిన్న ఒక తల్లి దొరికింది,
దాని పక్కన గోటి గీతంత పిల్ల.
కనబడినవి లెక్కించాక ఇంకో లెక్క ఉంటుంది,
మేం దాటిన ఆ క్షణాన మునిగి ఉన్నవాటిది.
వాటి కోసం ఒక గుణకం.
సున్నాని మాత్రం దేంతో హెచ్చించినా సున్నాయే.
నూకయ్య అయ్య విన్న నిట్టూర్పుకి
మా దగ్గర గుణకం లేదు.

వానలు వెనకబట్టాక మళ్ళీ ఎగిరాం.
తిరుగుదారిలో రాయపురం మేడల మీద
నల్ల సింటెక్స్ ట్యాంకులు,
రాత్రి జల్లుకి తడిసి మెరుస్తున్న గుండ్రటి వీపులు.
అలవాటు పడ్డ కన్ను, నోరు కూడా, ఆగలేదు:
"ఎడమ, ఒకటి. ఎడమ, రెండు.
పక్కన పిల్ల."
కురువిళ్ళ నవ్వాడనుకుంటా,
ఇంజిను హోరులో వినబడలేదు.

మర్నాడు కాగితాలు సర్దుతుంటే
చెన్నై వరసలో ఆరోగ్యమేరీ చేతిరాత:
అనుమానం, మూడు.
దాన్ని కొట్టేసి, సున్నా.

కొట్టేసిన గీత వంకరపోయింది.
గాలి కుదిపిన చోట
రాసి ఉంటుంది.