ముప్పై ఏడో పేజీ

ఆదోని పత్తి మార్కెట్టు వెనక షెడ్డు.
అట్ట ఊడిన యెజ్డీ మాన్యువల్ నా ఒళ్ళో.
బెంచీ మీద హుసేనప్ప,
శుక్లాలు ముసిరిన కళ్ళు పైకెత్తి:
"పాయింట్ల సందు ఎంతని రాసినాడు, సదువు పాపా."

ముప్పై ఏడో పేజీ.
అంకె ఉండాల్సిన చోట
గ్రీసుతో అద్దిన బొటనవేలి ముద్ర,
నేను పుట్టకముందుది.
"నీ ఏలు అడ్డముంది తాతా."

నవ్వలేదు. కాసేపు గాలిలో
వేళ్ళు రాసుకున్నాడు, పత్తి ఏకినట్టు.
"అయితే గడ్డం బ్లేడ్లు నాలుగు తే.
జతచేసి దూర్చు.
పట్టీ పట్టనట్టు జారల్ల."

జారాయి.
కిక్కు రాడ్డే గేరు రాడ్డు ఈ బండికి.
తొక్కితే ఎదురు తన్నింది. రెండోసారి
రెండు సైలెన్సర్లూ
నీలం పొగ దగ్గాయి.

చెవి అటు తిప్పి,
"ఎడమదానికి యాడనో గాలి పోతాంది," అన్నాడు.
"మసకైతాందేమో, లైటేసుకో.
పేజీ తిప్పు."