ఏడో నంబరు చెక్క

ఛాతీని నడిమికి కోసి, లోపలి పని చూసుకుని,
మళ్ళీ ఉక్కుతీగతో బిగించారు.
ఆ తీగ ఇక లోపలే ఉండిపోతుందట.
"తుప్పు పట్టదా?" అని అడిగాను.
లూసియానా కొసన, ఈ ఉప్పుటేటి ఒడ్డున
అరవై ఏళ్ళు బతికినదాన్ని, ఇంకేమడుగుతాను?
డాక్టరమ్మ నవ్వింది.
నేను నవ్వలేదు, నవ్వితే కుట్లు లాగుతాయి.

ఇంటికొచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు.
పాల డబ్బాకన్నా బరువైనది ఎత్తకూడదు.
చేతులు మోపి లేవకూడదు.
దగ్గొస్తే దిండును గుండెకు అదుముకోవాలి
చంటిపిల్లను ఊరుకోబెట్టినట్టు.
పడకా వాలుకుర్చీలోనే, భోజనమూ అందులోనే,
పెత్తనమూ అందులోంచే.

సముద్రంలో ఏదో సుడి తిరుగుతోందని రేడియో.
దానికింకా పేరు పెట్టలేదు.
పేరు పెట్టేదాకా మా ఆర్సెన్ ఆగడు.
తెల్లారకముందే రొయ్యల పడవ తీసి
వరద గేట్లు దాటి పై కాలువకు బయల్దేరాడు,
అక్కడ చెట్లకు కట్టేయాలని.
గుమ్మంలో నిలబడి ఒకసారి నా వంక,
ఒకసారి పడవ వంక చూశాడు.
"వెళ్ళు," అన్నాను.
"నన్నెలాగూ కట్టేసే పంపారుగా."

మా ఇల్లు స్తంభాల మీద, పదమూడు మెట్ల ఎత్తున.
నాకు దిగే అనుమతి లేదు.
ఆడబడుచు ఓజీత్ కొడుకు రెమీ ఎక్కి వచ్చాడు,
పధ్నాలుగేళ్ళు, మీసం ఇంకా ఆలోచనలోనే ఉంది.
కిటికీలకు చెక్కలు బిగించడం ఏటేటా నా పని.
నిచ్చెన నాది, మరలు నావి,
చెక్కల మీద నల్లరంగు అంకెలూ నా చేతిరాతే:
మూడు, వంటిల్లు ఎడమ.
నాలుగు, కాస్త తన్నితేగాని కూర్చోదు.

అరిస్తే దగ్గు. అందుకని
గరిటెతో పళ్ళెం మీద కొట్టాను.
ఒక దెబ్బకు పైకి, రెండు దెబ్బలకు కిందికి.
పాత కన్నాల్లోకే పాత మరలు దిగుతుంటే
ఆ కీచుమనే చప్పుడు నా ఎముకలో వినిపించింది.
గది వెంట గది, మిట్టమధ్యాహ్నం పొద్దుగూకింది.

ఏడోది దొరకలేదు.
మెట్లకింద చూశాడు, వలల గదిలో చూశాడు,
బాతుల గూటి వెనక చూసి పేడకాళ్ళతో వచ్చాడు.
ఏడు నా కుర్చీకి ఎదురు కిటికీ.
అదొక్కటే మిగిలింది, బూడిదరంగు ఆకాశంతో.

రాత్రి కరెంటు పోయింది.
ఎనిమిదింటి మాత్రలు టార్చి వెలుగులో లెక్కపెట్టి
రెమీ నా నాలుక మీద పెట్టాడు, పూజారి ప్రసాదం పెట్టినట్టు.
పరుపు లాక్కొచ్చి కిటికీకి నిలబెట్టి
దానికి వీపానించి కూర్చున్నాడు.
గాలి తోసినప్పుడల్లా వాడు కొంచెం ముందుకొచ్చేవాడు,
మళ్ళీ వెనక్కి తోసేవాడు.
"భయమా?" అన్నాను.
"నీకు?" అన్నాడు.
ఇద్దరం జవాబు చెప్పుకోలేదు.

రెండింటికి అది పడమరకు మళ్ళిందని రేడియో.
అమ్మయ్య, అన్నాను.
అన్నాక నోరు చేదయింది.
పడమట కూడా కిటికీలుంటాయి.

పొద్దున ఓజీత్ రెండు బకెట్ల నీళ్ళతో వచ్చింది.
నా రవిక విప్పి, కుట్లు తడవకుండా
వీపు మాత్రం రుద్దుతోంది,
చేపను తోమే అలవాటు చేతులు, నెమ్మదిగా.
కాళ్ళమీద సబ్బు కడగాలని నన్ను లేపి
బల్ల పక్కకు తిప్పింది.
బల్ల కింద నల్లరంగు. నా చేతిరాత.
ఏడు.

ఆసుపత్రి నుంచి నన్ను తెచ్చే ముందురోజు
ఆర్సెన్ చెప్పాపెట్టకుండా కోసి,
అంచులు గరుకుకాగితంతో నునుపు చేసి,
నాలుగు కాళ్ళు తగిలించిన బల్ల.
పదకొండు రోజులుగా నేను దానిమీదే కూర్చుంటున్నాను.

మధ్యాహ్నం ఫోను కలిసింది.
"కిటికీ చెక్క కోశావు," అన్నాను.
అవతల పడవ ఇంజను. చాలాసేపు ఇంజనే.
"నువ్వు నిలబడి స్నానం చెయ్యలేవుగా," అన్నాడు.
"మరి కిటికీ?"
"దానికి కొత్తది కొనొచ్చు."

రెమీ చెక్కలు విప్పుతానన్నాడు.
వద్దురా, నవంబరు దాకా ఉంచు, అన్నాను.
ఎదురు కిటికీలోంచి పడే ఆ ఒక్క వెలుతురులో
దిండు ఒళ్ళో పెట్టుకుని
కాఫీ కెటిలు నేనే ఎత్తాను.
పాల డబ్బాకన్నా తేలికే.
అయినా రెమీ చూస్తున్నాడేమోనని
తలుపు వంక చూశాను.